మట్టిని అడిగిన ఓవర్సీరు సాబ్

మా ఓవర్సీరు సాబ్ ఇక లేరని మొన్న సోమవారం పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. "నాయిన నిద్రలనే పోయిండు టీచరమ్మా" అంది. తొంభైకి దగ్గర పడిన మనిషి. దుఃఖం వచ్చింది. దాని వెంటే గర్వమూ వచ్చింది. ఆ గర్వం ఎందుకో చెప్పాలి.

డెబ్బైల మొదట్లో గోదావరిఖనిలో మా ఆయన గనిలో పనిచేసేవాడు. నేను కాలనీ బడిలో పాఠాలు చెప్పేదాన్ని. పక్క క్వార్టరే సాబ్ వాళ్లది. కాలనీలో కట్టడాల పని ఆయనే చూసేవారు. ఎక్కడ గుంత తవ్వినా ఒక మట్టిబెడ్డ తీసి, తడిపి, వేళ్ల మధ్య నలిపి, ఇంకోటి కాగితంలో చుట్టి జేబులో వేసుకునేవారు. "అందరి అంగీలకు బొగ్గు మసి ఉంటది. మా ఆయన అంగీల చేనుచెలకంత మట్టి ఉంటది" అని వాళ్లావిడ బట్టలుతికినప్పుడల్లా గొణిగేది. ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని.

అప్పట్లో మా కాలనీకి నీళ్లు ట్యాంకరులో వచ్చేవి. అది రాని రోజు బిందెలెత్తుకుని ఒర్రె వాగు దాకా నడకే. నీళ్ల ట్యాంకు కడతారని తెలిసి ఎంత సంబరపడ్డామో! పునాది గుంతలు తవ్వడం కూడా అయింది. తీరా కాంక్రీటు పోసే ముందు సాబ్ పని ఆపించారు.

కాలనీ భగ్గుమంది. ఆడవాళ్లమంతా ఖాళీ బిందెలతో ఆయన ముందు నిలబడ్డాం. అక్క కూడా మాలోనే ఉంది. గొంతు పెంచింది మాత్రం నేనే.

"ఎండకాలం నెత్తి మీదికొచ్చె. ఇంకెన్నాళ్లు మొయ్యాలె సాబ్? డ్రాయింగు తప్పా ఏంది?"

"డ్రాయింగు గట్టి నేలకు గీసిండ్రమ్మా. ఈడిది నల్లరేగడి. మోస్తదో మొయ్యదో ఎవ్వరు అడగలె" అన్నారు ఆయన నింపాదిగా. "మనిషికి మొహమాటముంటది, మొయ్యలేకున్నా మోస్తనంటడు. మట్టికి మొహమాటం లేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్తది."

"గా అడుగుడేందో జల్ది అడుగు మరి" అంది అక్క.

"ఇసుక బస్తాలు కావాలె. మీరు చెయ్యేస్తే జల్దినే అయితది."

మర్నాడు బిందెలు పక్కన పెట్టి తట్టలు పట్టాం. గోదావరి ఇసుక బస్తాలకెత్తాం. గుంత అడుగున ఒక ఇనుప పలక, దాని మీద స్తంభం, స్తంభం మీద మంచెలాంటి అరుగు. అరుగు మీద బస్తాలు పేర్చేకొద్దీ కింద పలక ఎంత కుంగుతుందో గడియారంలాంటి డయల్ చూపిస్తుంది. ఆ అంకెలు రాసే పని నాకిచ్చారు. సగం బస్తాలైనా ఎక్కకముందే ముల్లు ఆగకుండా తిరిగిపోయింది. నా పెన్ను ఆగింది. ఆ ట్యాంకు లేచేది మా బడి పక్కనే.

సాబ్ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "పైమట్టి చెప్పింది. ఇగ కిందిదాన్ని అడుగుదాం" అన్నారు. నల్లమట్టి దాటి గట్టి ఎర్రమొరం తగిలేదాకా తవ్వించారు. మళ్లీ బస్తాలు మోశాం. ఈసారి ఆఖరి బస్తా ఎక్కాక ముల్లు కొద్దిగా కదిలి నిలిచింది. గంట చూశాం. రెండు గంటలు చూశాం. కదిలితే ఒట్టు!

"పట్టిందమ్మా, పట్టింది!" సాబ్ కేకకు గుంత చుట్టూ చప్పట్లు మోగాయి. పెద్ద ఇంజినీరు వచ్చి నేను రాసిన అంకెలు చదివి, పునాది లోతు మార్చి, సాబ్ చెయ్యి పట్టుకుని ఊపారు. ఆ ఎండాకాలమంతా మేం నీళ్లు మోస్తూనే ఉన్నాం. ఒక్కరూ సణగలేదు.

"కానొచ్చే గోడకు సున్నం ఎవడన్న ఏస్తడు. కానరాని పునాదికాడ మనిషి తెలుస్తడు" అని ఒకసారి మా బడి పిల్లలకు చెప్పారాయన. నేను రిటైరయ్యేదాకా ఏ తరగతికి వెళ్లినా ఆ మాట చెప్పాను.

ట్యాంకును మొదటిసారి నింపిన రోజు సాబ్ పొద్దుటి నుంచీ స్తంభాల చుట్టూ తిరుగుతూ కొలతలు చూశారు. అంచుదాకా నిండింది. వెంట్రుకవాసి కూడా ఒరగలేదు. "ఇడువుండ్రి" అన్నారు. నల్లా బుసకొట్టి, తుప్పునీళ్లు కక్కి, ఆ తర్వాత తెల్లగా దూకింది. మొదటి బిందె అక్కది. ఆమె దాన్ని ఇంటికి తీసుకుపోలేదు. నేరుగా వచ్చి ఆయన నెత్తిన కుమ్మరించింది. వెనకే నేను, నా వెనకే కాలనీ అంతా. పెళ్లికొడుక్కి పోసినట్టు బిందె మీద బిందె పోస్తుంటే, సాబ్ కళ్లద్దాలు తీసి ఒక చేత్తో ఆకాశానికెత్తి పట్టుకుని, ఏమీ కనపడక కళ్లు చికిలిస్తూ, ఆ నీళ్లలో పగలబడి నవ్వుతూ నిలబడ్డారు.