పన్నెండింటి గంట

ఈ ఉద్యోగం మానేద్దామని ఈ మధ్య రోజూ అనుకుంటున్నాను. సదుం దగ్గర ఒక సర్కారు బడిలో టీచర్ని. పొద్దున్నే మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరులో ఇంకో బస్సు మారి, బడికి చేరేసరికే సగం ప్రాణం పోతుంది. మిగతా సగం ఫోను తీస్తుంది. పిల్లల హాజరు ఫోటో, మరుగుదొడ్ల ఫోటో, మధ్యాహ్నం కోడిగుడ్ల ఫోటో. పాఠానికి మాత్రం ఎవరూ ఫోటో అడగరు.

నేను చదివింది మదనపల్లెలో సిస్టర్ల కాన్వెంటులో. ఆ రోజులు తలచుకుంటే ముందు గుర్తొచ్చేది చదువు కాదు, పన్నెండింటికి కొట్టే గంట. అది మోగిందంటే ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోవాలి. బోర్డు మీద లెక్క సగంలో ఆగేది. మైదానంలో తాడాట ఆగేది. ఆయా చీపురు గోడకానించేది. ఆ గంట మేరీమాత ప్రార్థనకు. క్రైస్తవుల పిల్లలు పెదవులు కదిలించేవాళ్లు. మాలాంటి హిందువుల పిల్లలకు ప్రార్థన రాదు, నిలబడడం వచ్చు. అదంటే నాకెంత ఇష్టమో! ఆ కాసేపు ఎవరూ మనల్ని ఏమీ అడగరు.

మొదట్లో బిక్కమొహం వేసుకుని దిక్కులు చూస్తుంటే, మలయాళం యాసలో తెలుగు మాట్లాడే పెద్ద సిస్టర్ నా తల నిమిరి, "నీకు ఇష్టమైనవాళ్లను తలచుకో, చాలు" అంది. నేను అమ్మను తలచుకున్నాను. అమ్మ అప్పుడు బడి వెనకాలే ఉన్న టమోటా మండీలో కాయలు ఏరుతుండేది. సాయంత్రం ఆ సంగతి చెబితే పడీపడీ నవ్వింది.

"పని ఆపి నిలబడమనే బడి కూడా ఉండాదా! మమ్మల్ని ఎవురూ అట్ల అనరే."

అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటుంది. మోకాళ్లు అరిగిపోయాయి. మొన్న ఆదివారం వాటికి నూనె రాస్తూ, ఇంక నావల్ల కాదమ్మా, రాజీనామా ఇచ్చేస్తాను అన్నాను. మండీలో చాకిరీ చేసి నన్ను టీచర్ని చేసిన మనిషి ముందు ఆ మాట అనడానికి సిగ్గేసింది. కోప్పడుతుందనుకున్నాను.

అమ్మ మాత్రం, "మీ బడి గంట మండీలోకి ఇనపడేది, తెలుసా నీకు?" అంది.

తెలియదన్నాను.

"అది మోగితే, నా బిడ్డ ఆడ నిలబడి నన్ను తలుసుకుంటాంది అనుకునేదాన్ని. నేనూ సేతిలో కాయ పక్కన పెట్టేసి నడుం నిలబెట్టేదాన్ని. మేస్త్రీ తిట్టేవాడు. తిట్టనీలే. అది లేకుంటే అన్నేండ్లు సేసుండేదాన్ని కాదమ్మా."

నాకు ఏడుపొచ్చింది. "మరి ఇప్పుడు?" అన్నాను.

"ఇప్పుడు గంట యాడ ఇనపడతాది? టీవీలో పన్నెండు గంటల వార్తలొస్తే లేసి నిలబడతా. నువ్వు మానుకుంటే మానుకో. అలిసిపోయుండావు, నాకు కనపడతా లేదా?"

సోమవారం పన్నెండుకు పిల్లలు కంచాలు పట్టుకుని వరసలో ఉన్నారు. కోడిగుడ్ల ఫోటో ఇంకా రాలేదని ఫోను మోగుతోంది. దాన్ని బల్ల మీద పెట్టేసి వరండాలో ఊరికే నిలబడ్డాను.

"ఏం సేస్తాండారు మేడం?" అని ముందున్న పిల్ల అడిగింది.

"మా అమ్మను తలచుకుంటున్నా" అన్నాను.

ఉద్యోగం మానాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు. నేనలా నిలబడిన ఆ పన్నెండుకు ఇంట్లో మా అమ్మ కూడా, ఆ మోకాళ్లతోనే, గోడ పట్టుకుని లేచి నిలబడి ఉంటుంది.