కనకరత్నం గారి ఓడ

"నేను వంటింట్లో ఉన్న కాసేపట్లో దాని ఊపిరి ఆగిపోతే?"

నెలల పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఈ మాట గౌరీశ్వరి డాక్టరుని అడిగింది, మొగుణ్ణి అడిగింది, చివరికి పాలవాణ్ణి కూడా అడిగింది. డాక్టరు నవ్వాడు. మొగుడు సత్యం పోర్టులో నైట్ షిఫ్టు చేసొచ్చాడేమో, ప్రశ్న పూర్తయ్యేలోపే నిద్రపోయాడు. పాలవాడు "ఏటమ్మా ఆ మాటలు" అని హడలిపోయి, ఆ రోజు నీళ్ళు కలపని పాలు పోసి వెళ్ళాడు. నవ్వకుండా, నిద్రపోకుండా, హడలిపోకుండా విన్నది పక్కింటి కనకరత్నం గారు ఒక్కరే.

"ఆగదమ్మా," అన్నదావిడ గంభీరంగా. "ఒకవేళ ఆగితే కబురు పంపు. ఓడ వెనక్కి తిప్పించుకుని వచ్చేస్తాను."

కనకరత్నం గారికి ఉన్న పిచ్చి అదొక్కటే. నెలకోసారి ఓడ ప్రయాణం చేసేది. ఒంటరిగా. మొగుణ్ణి రానివ్వదు, పిల్లల్ని రానివ్వదు, ఇరుగుపొరుగులు సరదాపడితే మాట మార్చేస్తుంది. అలాగని గుట్టుగా వెళ్ళే రకమూ కాదు. ముందురోజే ఆ పోర్టు క్వార్టర్లలో గడప గడపకీ వెళ్ళి సెలవు పుచ్చుకునేది.

"వెళ్ళొస్తానమ్మా. నీళ్ళమీద మాట, ఎవరు చెప్పగలరు? ఎప్పుడైనా ఓ మాట అనుంటే మనసులో పెట్టుకోకండి."

ఇంతకీ ఓడంటే, హార్బరు మూతి దగ్గర ఈ ఒడ్డునుంచి కొండవైపు ఒడ్డుకి జనాన్ని దాటించే లాంచీ. నోట్లో వేసుకున్న కిళ్ళీ నమలడం పూర్తికాకుండానే అవతలి ఒడ్డు వచ్చేస్తుంది. ఆవిడ అక్కడ దిగదు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. దీనికి సామాను పక్కబట్టలు చుట్టిన ఒక హోల్డాలు, ఒక మరచెంబు, పులిహోర కారియరు, వాంతులకి నిమ్మకాయలు. ఒంటిమీద ఉన్ని స్వెట్టరు, అదీ మే నెలలో. ఉక్కపోస్తుంది కదా అంటే, "నడిసముద్రంలో చలి నీకేం తెలుసు?" అనేది.

భర్త శ్రీరామ్మూర్తి గారు పోర్టులో హెడ్ క్లర్కు. ఎవరైనా ఇంటికొచ్చి "అమ్మగారు లేరా?" అంటే, పేపరు మీంచి తలెత్తకుండానే "విదేశాల్లో ఉందండి. దీపాలు పెట్టే వేళకి వచ్చేస్తుంది" అనేవాడు.

అన్నట్టే వచ్చేది. చేతిలో జీడిపళ్ళు. అవతలి రేవులో బుట్టలవాళ్ళు లాంచీ దగ్గరికే తెచ్చి అమ్మేవాళ్ళు. అవే పళ్ళు మన బజార్లోనూ దొరుకుతాయని ఎవరైనా అంటే, "అక్కడి నేల వేరు" అని తేల్చేసేది.

గౌరీశ్వరి కెమిస్ట్రీలో బీయస్సీ ప్యాసైన మనిషి. ఇలాంటివి చూస్తూ ఊరుకోలేదు.

"పిన్నిగారూ, దాన్ని ఓడ అనకూడదండీ. అది సముద్రం కూడా కాదు, కాలవ."

"నువ్వు శాస్త్రం చదివావు కదా. ఆ నీళ్ళు ఉప్పగా ఉంటాయా, ఉండవా?"

"ఉంటాయి."

"మరింకేం?"

శాస్త్రం గౌరీశ్వరికి పెద్దగా సాయపడలేదనే చెప్పాలి. పాప పడుకుంటే చాలు, ఓ చిన్న అద్దం తెచ్చి దాని ముక్కు దగ్గర పెట్టి ఆవిరి పడుతోందా లేదా అని చూసేది. పడితే ఊపిరి ఉన్నట్టు. ఆ పడింది ఇప్పటి ఊపిరా, ఇందాకటిదా అని అనుమానం వచ్చి, అద్దం తుడిచి మళ్ళీ పెట్టేది. పాల సీసాలు మరగబెట్టి, సరిగ్గా మరిగాయో లేదో అని ఇంకోసారి మరగబెట్టేది. బాలింతరాలు తేరుకునేదాకా ఉన్న వాళ్ళమ్మ, నాట్లు మొదలయ్యాయని ఊరెళ్ళిపోయింది. అప్పటినుంచీ గౌరీశ్వరి కళ్ళకింద నలుపు తేలింది. ఎవరైనా అడిగితే, ఓడలకెక్కించే ఇనుప ఖనిజం దుమ్ము ఎగిరి పడిందనేది.

ఒక మధ్యాహ్నం క్వార్టర్ల వరసంతా రబ్బరు కాలిన కంపు కొట్టింది. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది కనకరత్నం గారు. వంటింటి నిండా పొగ. స్టవ్ మీద గిన్నెలో నీళ్ళు ఇగిరిపోయి, సీసాల పీకలు కరిగి నల్లటి ముద్దయ్యాయి. ఆ పక్కనే గోడకి చేరబడి, నిలుచునే నిద్రపోతోంది గౌరీశ్వరి. కొంగు స్టవ్‌కి జానెడు దూరంలో వేలాడుతోంది. గుమ్మం అవతల ఉయ్యాల్లో పాప.

ఆవిడ స్టవ్ ఆర్పి, కొంగు తీసి భుజాన వేసి, గౌరీశ్వరిని తట్టి లేపింది. తిట్టలేదు. నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ కాలు బెణికింది.

కుడికాలికి ఇంత లావు గుడ్డ చుట్టుకుని, గోడ పట్టుకుని కుంటుకుంటూ వచ్చింది. "ఇవాళ నా ప్రయాణం రోజమ్మా. లాంచీ జగ్గారావుకి పులిహోర తెస్తానని మాటిచ్చాను. అతని మాట అటుంచు, ఓడెక్కే మనిషి ఎక్కకపోతే అపశకునం. నా బదులు నువ్వెళ్ళు."

"నేనా? పాపో?"

"నేను కదల్లేను కదా. కదల్లేని మనిషికంటే పిల్లని కనిపెట్టుకుని ఉండేదెవరు?"

ఈ తర్కంలో తప్పెక్కడుందో గౌరీశ్వరి వెతికేలోపే ఆవిడ తన స్వెట్టరు ఆమెకి తొడిగేసింది. సత్యం చేతికి హోల్డాలు ఇచ్చి రేవుదాకా దింపి రమ్మంది. షిఫ్టు నుంచి అప్పుడే వచ్చిన సత్యం తన పెళ్ళాన్ని, స్వెట్టరునీ మార్చి మార్చి చూసి, "ఏటే, ఎక్కడికెల్తన్నావ్?" అన్నాడు. ఆమెకే తెలిస్తే కదా.

రేవులో జగ్గారావు కారియరు అందుకుంటూనే, "ఏటి, అమ్మగారి కాలు మల్లీ బెనికిందేటి?" అన్నాడు. "కూసోండి, ఆ మూల ఆయమ్మ సీటే."

లాంచీ కదిలింది. ఒడ్డు దూరమవుతుంటే గౌరీశ్వరి గుండె అక్కడే ఉండిపోయినట్టయింది. అవతలి ఒడ్డు తాకి లాంచీ తిరిగొచ్చిందో లేదో, చెంగున దూకింది.

"అమ్మా, సామానో!"

"ఉండనీ!"

క్వార్టర్లు దగ్గరే. స్వెట్టరుతో, చెమటతో పరిగెత్తి, వాకిలి తలుపు తట్టకుండా పక్క సందులోకి వెళ్ళి కిటికీలోంచి తొంగి చూసింది.

కనకరత్నం గారు పాపని భుజానేసుకుని, రెండుకాళ్ళ మీద శుభ్రంగా, గదంతా చుట్లు కొడుతోంది. మలుపు తిరిగినప్పుడల్లా "భోఁ" అని ఓడలా కూస్తోంది. కూసిన ప్రతిసారీ పాప కిలకిల్లాడుతోంది. కాలికట్టు విప్పి మేకుకి తగిలించి ఉంది.

"పిన్నిగారూ!"

ఆవిడ వెనక్కి తిరగలేదు. "నువ్విప్పుడు నడిసముద్రంలో ఉన్నావు."

"మీ కాలు బాగానే ఉంది కదండీ!"

"నడిసముద్రంలో ఉన్నవాళ్ళ మాట ఒడ్డుకి వినిపించదమ్మా."

"పాప ఊపిరి..."

"వినిపించడం లేదని చెప్పానా? భోఁ!"

పాప మళ్ళీ నవ్వింది. గౌరీశ్వరి కిటికీ చువ్వలు పట్టుకుని కాసేపు నిలబడింది. తరువాత నెమ్మదిగా రేవుకి నడిచింది.

లాంచీ ఆగి ఉంది. హోల్డాలు ఎక్కడిది అక్కడే ఉంది. జగ్గారావు బీడీ పారేశాడు. "రండమ్మా. మీకోసరమే ఆపినాను."

"వస్తానని మీకెలా తెలుసు?"

"మీ లైన్లో బిడ్డ పుట్టిన పెతి ఇంటికీ ఆయమ్మ కాలు బెనుకుద్ది కదా! ఒచ్చినోల్లందరూ మొదటి తిరుగుడికి దిగి పరిగెడతారు. మొన్నామధ్య కాంతమ్మగారైతే లాంచీ ఆగకుండానే దూకీసినారు, సగం తడిసిపోనారు. దిగి ఎల్లి సూసుకుని మల్లీ ఎక్కినారా, అప్పుడే మీ పయానం మొదలైనట్టు."

గౌరీశ్వరి మొహం తుడుచుకుందామని హోల్డాలు విప్పితే, తువాలు మడతలో తన అద్దమే కనిపించింది. ఆవిడే పెట్టి ఉంటుంది. ఇంట్లో దానితో పనిలేదని కాబోలు. ఎవరూ చూడకుండా తన ముక్కు దగ్గర పెట్టుకుంది. అద్దం మసకబారింది. తుడిచి మళ్ళీ పెట్టింది. మళ్ళీ మసకబారింది. ఆ నెలల్లో తన ఊపిరి సంగతి ఆమె ఒక్కసారీ చూసుకోలేదు.

ఆ తరువాత ఆమె చూసిన సముద్రం ఏమీ లేదు. హోల్డాలు మీద తల పెట్టి నిద్రపోయింది. మేలుకునేసరికి దీపాలు పెట్టే వేళ. ఒళ్ళో ఎవరో పెట్టిన నాలుగు జీడిపళ్ళు.

ఇంటికెళితే కనకరత్నం గారు మంచం మీద మూలుగుతూ ఉంది. కట్టు మళ్ళీ వచ్చింది, ఈసారి ఎడమకాలికి.

"పొద్దున కుడికాలు కదండీ?"

ఆవిడ రెండుకాళ్ళూ పరీక్షగా చూసుకుంది. "నొప్పి పాకిందమ్మా," అంది.

గౌరీశ్వరి నవ్వబోయి, ఏడ్చేసింది. ఆవిడ పక్కన చోటిచ్చి కూర్చోబెట్టుకుంది. కాసేపయ్యాక, ధరవరలు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"మూడోవాడు పుట్టినప్పుడు రాజోల్లో ఉండేవాళ్ళం. ఒకరోజు వాణ్ణి ఉయ్యాల్లో పడుకోబెట్టి, ఎవరికీ చెప్పకుండా గోదావరి దాటే లాంచీ ఎక్కాను. తిరిగి రాకూడదనే ఎక్కాను."

గౌరీశ్వరి పాపని దగ్గరికి లాక్కుంది.

"అవతలి ఒడ్డొచ్చింది. దిగమన్నారు. కాళ్ళు రాలేదు. అదే లాంచీలో వెనక్కొచ్చాను. వాడింకా నిద్దట్లోనే ఉన్నాడు. నేను వెళ్ళినట్టు ఈ లోకంలో ఎవరికీ తెలీదు. అదమ్మా నన్ను ఇప్పటికీ భయపెట్టేది. అందుకే వీధంతా చెప్పి వెళుతున్నాను. ఇంతమంది దగ్గర సెలవు పుచ్చుకున్నాక తిరిగి రాకపోతే ఏం మర్యాదగా ఉంటుంది?"

శ్రీరామ్మూర్తి గారు రిటైరై గోదావరి వైపు వెళ్ళిపోయేటప్పుడు ఆవిడ తన స్వెట్టరునీ, కాలికట్టునీ గౌరీశ్వరి చేతుల్లో పెట్టింది. స్టేషన్‌లో రైలు కదులుతుండగా కిటికీలోంచి అప్పగింతలు చెప్పింది.

"నెలకోసారి వెళ్ళు. దొంగతనంగా వెళ్ళకు, నలుగురికీ చెప్పి వెళ్ళు. నవ్వితే నవ్వుకోనీ. ఆ కట్టు మాత్రం ఎప్పుడూ కుడికాలికే కట్టుకో. నేను మర్చిపోయి చాలామందికి దొరికిపోయాను."

సత్యానికి స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చి గాజువాక మారాక కూడా గౌరీశ్వరి సిటీబస్సెక్కి రేవుకి వెళుతూనే ఉంది. స్వెట్టరుతోనే. వీధిలో పిల్లలు "ఓడ ఆంటీ" అంటారు. పాపకి ఇప్పుడు స్కూలుంది, దానికి అమ్మ విదేశాల కబుర్లంటే పెద్దగా నమ్మకం లేదు గానీ జీడిపళ్ళంటే ఇష్టం.

మొన్న ఎదురింట్లో దిగిన నాగమణి, చంటివాణ్ణి గుండెకి కరుచుకుని గుమ్మంలోకొచ్చింది. కళ్ళకింద నలుపు. "అక్కా, నాను కునుకు తీసినప్పుడు వీడికి పాలు పొలమారితేనో?" అంది.

గౌరీశ్వరి నవ్వలేదు. అంతా విని, లోపలికెళ్ళి పులిహోరకి చింతపండు నానబెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆమె కాలు బెణికింది. కుడికాలు.