పైకి లేవని నాలుగో కాలు

వెల్డా రాస్ముసెన్ తాను కాపురముండే బండిని కొత్త చోట నిలిపాక మొదట చేసే పని పెనం మీద గుడ్డు కొట్టడం. సొన పెనం మధ్యలో గుండ్రంగా నిలిస్తే బండి సమంగా ఉన్నట్టు. ఓ పక్కకి జారితే గరిటె అక్కడే వదిలి, డ్రైవరు సీటు దగ్గరికి వెళ్ళి మీట నొక్కి, ఏ జాకీనో వేలెడు దింపి వస్తుంది. ఈ అరిజోనా ఎడారిలో మాతోపాటు చలికాలం గడిపేవాళ్ళలో మేస్త్రీల్లా రసమట్టం పెట్టి చూసుకునేవాళ్ళున్నారు, ఫోనులో చూసుకునేవాళ్ళున్నారు. ఆమెకు గుడ్డు చాలు.

ఐడహోలో ఆమె ఏళ్ళ తరబడి బడి బస్సు నడిపింది. ఉద్యోగం అయిపోయాక భార్యాభర్తలిద్దరూ ఇల్లమ్మి ఈ మోటార్‌హోమ్ కొన్నారు. పాత బండే. కింద నాలుగు మూలలా నాలుగు జాకీలు, నిలిపినప్పుడు ఆయిల్ ఒత్తిడితో నేలకి దిగి బండిని మోసే ఇనుప కాళ్ళు. భర్త ఆర్విన్ పోయినప్పుడు ఆమె బండి అమ్మేస్తుందని అందరం అనుకున్నాం. ఆమె మాత్రం అతని సీట్లో ఉల్లిపాయల బుట్ట పెట్టి, దానికి బెల్టు బిగించి, ఆ చలికాలం కూడా మామూలుగానే దక్షిణానికి దిగివచ్చింది.

చెల్లెలు నోరీన్‌ది ఫీనిక్స్. ఇంట్లో ఎండ పడే గది ఒకటి అక్క కోసం అట్టిపెట్టింది. వచ్చినప్పుడల్లా తన దగ్గరికొచ్చి ఉండిపొమ్మని అదే పాట. కిందటేడు మంట చుట్టూ కుర్చీలేసుకుని కూర్చున్నప్పుడు వెల్డాకి విసుగొచ్చింది.

"ఇదిగో నోరీన్, అందరి ముందూ చెప్తున్నా. ఈ బండి ఉన్నచోటి నుంచి తనంతట తాను కదల్లేని రోజున అమ్మేసి నీ దగ్గరికొచ్చేస్తా. అప్పటిదాకా ఆ మాటెత్తావంటే ఊరుకోను."

"చేతిలో చెయ్యెయ్యి అక్కా," అంది నోరీన్. వేసింది. మేమంతా చూశాం.

ఈ ఏడు ఇక్కడ మా గడువు ఆదివారంతో తీరేది. ప్రభుత్వం వారి ఎడారి ఇది, కొన్నాళ్ళుండి చోటు మారాలి. మేం నది ఒడ్డుకి పోవాలనుకున్నాం. సాగనంపడానికి నోరీన్ వస్తానంది. వెల్డాకి ఒక అలవాటుంది, బయలుదేరడానికి రెండ్రోజుల ముందే జాకీలన్నీ ఎత్తి దించి చూసుకుంటుంది. శుక్రవారం పొద్దున అలాగే మీట నొక్కింది. మూడు కాళ్ళు బుద్ధిగా పైకి ముడుచుకున్నాయి. ఎడమ వెనక కాలు నేలని వదల్లేదు. లోపల ఎర్ర లైటు వెలిగి, బండి ఆగకుండా కూత పెట్టింది.

ఆ కూత వింటే ఇక్కడ ఎవరూ తమ బండ్లో కూర్చోలేరు. కాఫీ కప్పులతో వచ్చి చుట్టూ నిలబడ్డాం. అందరికంటే ముందు మెర్ల్ వచ్చాడు. నెబ్రాస్కాలో బీమా ఏజెంటుగా చేసినవాడు, జరగబోయే నష్టం గురించి మాట్లాడటం అతనికి ఇష్టం.

"ముసలి గుర్రానికి కాలు పట్టేసినట్టుందే," అన్నాడు వంగి చూస్తూ.

"నీ మోకాళ్ళ కంటే నయంలే. దీనికి విడిభాగాలైనా దొరుకుతాయి."

"దొరకవు వెల్డా. ఈ జాకీలు చేసినవాళ్ళు ఎప్పుడో దుకాణం కట్టేశారు."

ఆమె పట్నంలోని ఒక పెద్ద మరమ్మతు షెడ్డుకి ఫోను చేసింది. మాట్లాడినంతసేపూ ముఖంలో ఏమీ తెలియలేదు. ఫోను జేబులో పెట్టుకుని అంది: "నాలుగు కాళ్ళూ మార్చాలట. పంటి నొప్పంటే పళ్ళసెట్టు కట్టించుకోమంటున్నారు."

మెర్ల్ గొంతు తగ్గించాడు. ఇనుప కమ్మీతో ఆ కాలిని పైకి తన్ని, గొలుసుతో కట్టేసి నడుపుకుపోవచ్చన్నాడు. అలా చేసేవాళ్ళు ఉన్నారు. నోరీన్‌కి తెలియదు కూడా.

"అది కదలడం కాదయ్యా, కాలు విరిగినవాణ్ణి భుజాన వేసుకుపోవడం," అంది వెల్డా. "తనంతట తాను అన్నాను. నోరీన్‌కి తెలియకపోతే మాత్రం, నాకు తెలుస్తుంది కదా?"

ఆమె బండి కిందికి దూరే ముందు దుంగలు పేర్చాం. జాకీల మీద నిలిచిన బండి కింద తల పెట్టినవాడితో ఇక్కడ ఎవరూ మాట్లాడరు, ముందు ఇవతలికి లాగుతారు. బండి బరువు మోయడానికి దిమ్మలు ఎవరి దగ్గరున్నవి వాళ్ళు తెచ్చారు. నేను గ్రంథాలయంలో పనిచేసినవాణ్ణి. జాకీల సంగతి నాకు అంతంత మాత్రం. టార్చి మాత్రం కదలకుండా పట్టుకోగలను.

"పుస్తకాలాయనా, వెలుగు నా చేతి మీద వెయ్యి, నా ముఖమేం చూస్తావు," అని కేకేసింది కింది నుంచి.

ఆమె పద్ధతి ఒకటే. అనుమానం ఉన్నదాన్ని బాగున్నదాని చోట పెట్టి చూడటం. ముందు ఎడమ కాలికి ఆయిల్ వదిలే వాల్వు వైరు ఊడదీసి కుడి కాలిదానికి పెట్టింది, దాని వైరు దీనికి పెట్టింది.

"జబ్బు అవతలి కాలికి పోతే వైరుది తప్పు. పోకపోతే ఈ కాలిదే."

జబ్బు అవతలికి పోలేదు. కుడి కాలు మామూలుగా లేచింది, ఎడమది మొరాయించింది. తర్వాత వాల్వును చేత్తోనే వదులు చేసి, కాల్లో ఉన్న ఆయిల్ వెనక్కి పోయే దారి తెరిచింది. కాలు జానెడు లేచి ఆగిపోయింది. అప్పుడు కనిపించాయి స్ప్రింగులు. కాలిని పైకి లాగడానికి రెండు వైపులా రెండుంటాయి. ఒకదాని కొక్కెం తెగి వేలాడుతోంది, రెండోది నానిన సేమ్యాలా సాగి ఉంది.

"దొరికింది దొంగ!" అన్నాడు మెర్ల్. అందరం అదే అనుకున్నాం. ఆమె కూడా.

శనివారం పాత బండ్ల విడిభాగాలమ్మే ఎలీసియో ఇబార్రా యార్డుకి నా కార్లో వెళ్ళాం. హైవే పక్కన పాత బండ్లు వరసగా పడుకుని ఉంటాయి అక్కడ. వెల్డా సాగిపోయిన స్ప్రింగు తీసుకురాలేదు, ముందు కాలి నుంచి మంచిది ఒకటి విప్పి తెచ్చింది. ఎందుకని అడిగితే, "సాగినది చూపిస్తే సాగినదే ఇస్తాడు," అంది.

ఎలీసియో కుర్చీలోంచి లేవకుండానే స్ప్రింగు చేతిలోకి తీసుకున్నాడు. "ఎవరి ఎముక తెచ్చావమ్మా?"

"నాదే. దీని అన్నదమ్ములు కావాలి."

"అదిగో, ఆ చివర కాలిపోయిన బండి. కాళ్ళు నాలుగూ గట్టిగా ఉన్నాయి. విప్పుకో."

"మంటల్లో కాగి బిగువు పోయిన స్ప్రింగు నాకొద్దు. నిన్నటి రొట్టె అమ్మేవాడిలా ఉన్నావే!"

ఎలీసియో పగలబడి నవ్వాడు. "పరీక్ష పెట్టాను, పాసయ్యావు. దాని వెనక ఇంకోటుంది, వంతెన కింద దూరబోయి పైకప్పు ఊడగొట్టుకుంది. కింద చెక్కు చెదరలేదు."

ఆ బండి పైన ఆకాశం, కింద మంచి జాకీలు. రెండు స్ప్రింగులు విప్పి, తెచ్చినదాని పక్కన పెట్టి పొడవూ మందమూ చూసింది, కొక్కేల వంపు చూసింది. సరిపోయాయి. నిశ్చింతగా తిరిగివచ్చాం. దారిలో ఆమె ఈల కూడా వేసింది.

వాటిని బిగించడానికి నలుగురం పట్టాం. సాయంత్రానికి పని అయింది. మెర్ల్ బీన్సూ మాంసమూ ఉడికించి ఒక పెద్ద గిన్నెతో తెచ్చి, పండగలా నిలబడ్డాడు. వెల్డా మీట నొక్కింది. కాలు జానెడు లేచింది. మునుపు ఆగిన చోటే ఆగింది.

మెర్ల్ గిన్నె మీద మూత పెట్టేశాడు. ఆమె ఓడిపోయిందని నాకనిపించింది. నోరీన్ ఇంటి గదిలో పడే ఎండని ఆమె తలచుకుంటోందేమోనని కూడా అనిపించింది. నేను పుస్తకాలు చదివినంత చులాగ్గా మనుషుల్ని చదవలేనని ఆ తర్వాత తెలిసింది. ఆమె ఆలోచిస్తున్నది కాలు గురించే.

"కొత్త స్ప్రింగులు లాగుతున్నా రావట్లేదంటే, లోపల దేన్నో పట్టుకుని ఉంది," అంది. నేల మీద చతికిలబడి, కాలి లోపలి నున్నటి రాడ్డు మీద అరచెయ్యి వేసి మెల్లగా కిందికి నిమిరింది. సగంలో చెయ్యి ఆగింది. గోటితో గీకింది. గోటికింద వెండిరంగు పెచ్చు ఒకటి లేచింది.

ఆమె ఆ పెచ్చుకేసి చూసి, వెనక్కి వాలి నవ్వడం మొదలుపెట్టింది.

"మెర్ల్, దొంగ దొరికాడు. పేరు వెల్డా."

మా అందరికీ ఒక జబ్బుంది. చలికాలం కలుసుకునే ముందు బండి కొత్తగా కనిపించాలని ఎవరికి వారు తుడిచి, మెరిపించి, రంగులేసి వస్తాం. ఎవరూ చూడని బండి అడుగు కూడా వదలం. వెల్డా ఇంకా ముందుకెళ్ళింది. ఈ ఏడు ఇక్కడికి బయలుదేరే ముందు కాళ్ళు దించి, వెండిరంగు డబ్బా పట్టుకుని ఎడమ వెనక కాలితో మొదలెట్టింది. బయటి గొట్టంతో ఆగక, లోపలికి జారాల్సిన రాడ్డుకి కూడా రెండు పూతలు పూసి, ఆరీ ఆరకముందే ఎత్తేసింది. తక్కిన కాళ్ళ దగ్గరికొచ్చేసరికి రంగు అయిపోవస్తోందని పైపైన బయట మాత్రం వేసింది. ఇక్కడికొచ్చాక ఎండకి ఆ పూత గట్టిపడి, లోపలి రబ్బరు చుట్టుకి అంటుకుపోయింది. దాన్ని లాగీ లాగీ ఒక స్ప్రింగు తెగింది, రెండోది సాగింది.

"అందగత్తెని చేద్దామని కాలికి సంకెల వేశాను," అంది ఇంకా నవ్వుతూనే. "సరే, ఆ గిన్నె ఇలా తే. ఆకలేస్తోంది."

ఆదివారం తెల్లారాక రంగు కరిగించే థిన్నరూ గుడ్డలూ మెత్తటి ఇనుప పీచూ పెట్టుకుని మళ్ళీ కిందికి దూరింది. రాడ్డు మీద గీత పడకూడదు, రబ్బరుకి థిన్నరు తగలకూడదు. గోరంత గోరంత తుడవాలి. సగం అయ్యేసరికి నోరీన్ కారు వచ్చి ఆగింది. వెనక సీటు నిండా మడిచిన అట్టపెట్టెలు. మెర్ల్ భార్య ఫోన్లో ఆమెకి సంగతంతా చెప్పేసిందట.

"అక్కా, బయటికి రా. అయిందేదో అయింది. సామాను సర్దడానికి పెట్టెలు తెచ్చాను."

"నీకు తొందరెక్కువే," అంది కింది నుంచి గొంతు. "ఆ ఎర్ర డబ్బాలో పొడి గుడ్డ ఉంది, అందుకో."

నోరీన్ అందించింది. అంతటితో ఆగకుండా నా చేతిలోని టార్చి లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చుని తనే వెలుగు పట్టింది. "ఇంకా అక్కడ ఉంది చూడు, ఆ వంపులో," అంటూ చూపించసాగింది. బహుశా చిన్నప్పటి నుంచీ వాళ్ళ తీరు అదేనేమో.

వెల్డా బయటికొచ్చి చేతులు తుడుచుకుంది. దుంగలు తీసేశాం. "నువ్వే నొక్కు," అంది చెల్లెలితో. "తర్వాత ఏదో మాయ చేశానంటావు."

నోరీన్ ఎక్కి మీట నొక్కింది. మూడు కాళ్ళు లేచాయి. నాలుగోది కదిలింది, జానెడు దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది, తర్వాత నిట్టూర్పు లాంటి చప్పుడుతో చివరిదాకా ముడుచుకుంది. కూత ఆగింది. ఎర్ర లైటు ఆరింది. మెర్ల్ టోపీ తీసి గాల్లో ఊపాడు.

నోరీన్ దిగి వచ్చి కాలి దగ్గర వంగి చూసింది. "ఆయిల్ చెమరుస్తోంది ఇక్కడ."

"చెమరుస్తుంది. ఆ రబ్బరు చుట్టు మార్చాలి. పొద్దున ఫోను చేస్తే ఎలీసియో వెతుకుతానన్నాడు. ఈలోపు నడవడానికి అడ్డం లేదు."

"మళ్ళీ ఏడు సంగతి?"

"మళ్ళీ ఏడూ అదే మాట. తనంతట తాను కదల్లేకపోతే వస్తా. నువ్వు మాత్రం ఆ గది ఖాళీగా పడేసుకోకు, ఎవరికైనా ఇయ్యి."

"ఖాళీగానే ఉంచుతా. నా ఇల్లు, నా ఇష్టం."

"ఉంచుకో మరి," అంది వెల్డా, మెత్తగా.

ఆమె సీటెక్కి ఇంజను స్టార్టు చేసింది. నోరీన్ పెట్టెలున్న కారుతోనే వెనకాల బయలుదేరింది, నది దాకా వచ్చి భోజనం చేసి పోతానని. బండి గులకరాళ్ళ మీద ఊగుతూ కదిలి, తారురోడ్డెక్కి, పడమటికి తిరిగింది.