గుర్రం పండ్లకు సుంకం

మా నాయిన దొర గుర్రాలకు ముప్పై ఏళ్లు దాణా పెట్టాడు. పోలీసు యాక్షనుకు ముందే దొర పట్నం పారిపోయాడు, గుర్రాలు ఎవరి పాలో అయ్యాయి, నాయిన ఆత్మకూరు దిక్కు బావులు తవ్వే కూలికి దిగాడు. అక్కడ లోతు మట్టిలో రెండు రాతి ముక్కలు దొరికాయి. కడిగి చూసి, "గుర్రం దవడ పండ్లు బిడ్డా. ఏడెనిమిదేండ్లది. రాయెట్లయినయో గాని," అన్నాడు.

నేను సూర్యాపేట బడిలో పంతులమ్మను. గొప్పకు పోయి వాటినీ, నాయిన్నీ బడికి తీసుకెళ్లాను. మా హెడ్మాస్టరుకు తెలియని సంగతి భూమ్మీద లేదు, పాపం, ఆయన లెక్కలో. "ఎద్దు పండ్లివి. బాయి తవ్వేటోనికి గుర్రం సంగతేం తెలుస్తది?" అని అందరి ముందూ నవ్వాడు. మిగతా పంతుళ్లూ నవ్వారు, నవ్వక చస్తారా. నాయిన ఆ పండ్లను మూట కట్టుకుని ఇంటికి నడిచాడు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ముప్పై ఏళ్ల పనిని ఒక్క నవ్వుతో కొట్టిపారేస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

బెజవాడ కాలేజీలో రాళ్ల చదువు చెప్పే ఆచార్యుడున్నాడని విని, సెలవు పెట్టి, నాయినతో బస్సెక్కాను. కోదాడ దాటాక సంస్థానం సరిహద్దులో సుంకం నాకా. గుమాస్తా మా మూట మీద చెయ్యి వేశాడు.

"ఏముంది పెద్దాయనా?"

"గుర్రం పండ్లు."

"ఎన్నడూ వినలేదే. పండ్లకు సుంకం కట్టాలి. పచ్చివా, మగ్గినవా?"

"మగ్గి మగ్గి రాయైనయి."

గుమాస్తా మూట విప్పి, వాసన చూసి, ఒకదాన్ని కొరకబోయాడు. నాయిన నోరు తెరిచి తన పళ్లు వేలితో చూపించాడు. "గివి సారూ. తినే పండ్లు గావు, తినిపిచ్చే పండ్లు."

బస్సంతా నవ్వింది. గుమాస్తా ముఖం మాడ్చుకుని, లోపల బంగారం దాచామేమోనని దబ్బనంతో గీకాడు. పైనున్న సున్నపు పెచ్చు ఊడి, నమిలే వైపు మెలికల గీతలు బయటపడ్డాయి.

ఆచార్యుడు ఆ గీతలనే భూతద్దంలో చూశాడు. ఎద్దువి కావని అప్పుడే తేల్చేశాడు. మెలికల మధ్య ఒక చిన్న మడత ఉంది. అది దీవిలా విడిగా ఉంటే మూడు వేళ్ల పాత గుర్రం, పక్కదానికి అంటుకుని ఉంటే ఒంటి డెక్క గుర్రం. మాది అంటుకునే ఉంది. ఏ జాతో తేల్చి రాస్తానని కొలతలు తీసుకున్నాడు. ఇంత శుభ్రంగా ఎవరు గీకారని మెచ్చుకున్నాడు కూడా.

నెలకు కార్డొచ్చింది. ఇప్పుడు లోకంలో లేని గుర్రపు జాతి, వేల ఏళ్ల కిందట అంతరించిపోయిందని నాయినకు చదివి వినిపించాను.

"వేల ఏండ్లా?" నాయిన ముఖం చిన్నబోయింది. "నేను ఏడెనిమిది అంటిని గదా."

చివరి వాక్యం చదివాను. పళ్ల అరుగుదలను బట్టి, చచ్చేనాటికి దాని వయసు ఏడెనిమిదేళ్లు.

"మల్ల సదువు," అన్నాడు. మూడుసార్లు చదివించుకున్నాడు.

మర్నాడు నేను పాఠం చెబుతుంటే నాయిన ఉతికిన ధోవతి కట్టుకుని బడికొచ్చాడు. పక్క గదిలో పంతుళ్లందరి మధ్య కార్డు హెడ్మాస్టరు చేతికిచ్చి, "నాకు సదువు రాదు సారూ, జర మీరే సదివి పెట్టున్రి," అన్నాడు. నేను పాఠం ఆపేశాను. ఆయన గొంతు బాగానే మొదలై, ఏడెనిమిదేళ్ల దగ్గరికొచ్చేసరికి సన్నబడింది.

"జర గట్టిగ సారూ," అన్నాడు నాయిన.