బర్రెల మందు

ఇప్పటికీ ఎరువుల దుకాణం ముందు బండి ఆపితే, ఆ పురుగుమందు ఘాటు ముక్కుకు తగలగానే యాదమ్మ పెద్దమ్మ గుర్తుకొస్తుంది.

రెండువేల పదకొండులో నేను శంషాబాద్ విమానాశ్రయంలో చెకిన్ కౌంటర్‌లో పనిచేస్తూ, పాల్మాకులలో ఆవిడ ఇంటి వెనక గదిలో అద్దెకుండేదాన్ని. సొంతూరు తెనాలి, ఇక్కడ నా అన్నవాళ్లు లేరు. ఒంటరితనం భరించలేక, అత్తాపూర్‌లో దిక్కులేని కుక్కలను చేరదీసే ఒకావిడ దగ్గర్నుంచి రెండు నెలల కుక్కపిల్లను తెచ్చుకున్నాను. తల్లి ఊరకుక్క, తండ్రి ఏదో బొచ్చుకుక్క. ఒక చెవి నిలబడేది, రెండోది వాలిపోయేది. "ఏంది బిడ్డా, గిది సగం కుక్క, సగం మేక లెక్కున్నది!" అని పెద్దమ్మ నవ్వింది. ఆ పూటే జొన్నరొట్టె పాలలో నానబెట్టి పెట్టి, రాజు అని పేరు కూడా తనే పెట్టింది.

ఊళ్లో ఏ బర్రె మేత మానేసినా కబురు ముందు పెద్దమ్మకే, తర్వాతే డాక్టరుకు. "నాకేం పనిలేదా" అని కసురుకుంటూనే చెప్పులేసుకునేది. లోపల ఎంత మురిసిపోయేదో నాకు తెలుసు.

రాజు ఒంటినిండా రక్తం పీల్చే పిడుదులు పట్టాయి. ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ బర్రెలకు చల్లే పురుగుమందు పొడి తెచ్చి దాని ఒళ్లంతా దట్టంగా పట్టించింది. "పొద్దుగూకేసరికి ఒక్కటుండది సూడు" అంది. నేనూ సంబరపడ్డాను. కుక్కపిల్ల ఒళ్లు నాక్కుంటుందన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. గంట తిరక్కుండానే దాని నోట నురగ, కాళ్లు కొట్టుకోవడం.

ఆటోలో పశువుల దవాఖానకు పరుగెత్తాం. లోపల పాల్మాకులవాళ్లే నలుగురున్నారు. "ఏమైనా తిన్నదా? ఒంటికేమైనా పూశారా?" అని డాక్టరు అడిగారు. వాళ్లముందు పెద్దమ్మ పరువు పోతుందని, "బయట ఏదో తిన్నట్టుంది సార్" అనేశాను. ఆవిడ నా చెయ్యి పక్కకు నెట్టింది.

"అబద్ధం సారూ. నేనే సల్లిన. బర్రెల మందు. ఇగో డబ్బ."

కొంగులోంచి తీసి బల్లమీద పెట్టింది. ఊరివాళ్లు మెడలు సాచి చూశారు. డాక్టరు డబ్బా మీద పేరు చదివి వెంటనే విరుగుడు సూది వేశారు. ఇంకో అరగంట వేరే జబ్బేమో అని వెతుక్కుంటూ కూర్చుంటే దక్కేది కాదన్నారు.

రాజును ఒళ్లో పెట్టుకుని తిరిగి వస్తూ అడిగాను: "అందరి ముందు ఎందుకు చెప్పావు పెద్దమ్మా?"

"పానం పోతుంటే ఇజ్జత్ సూసుకుంటమా? ఇజ్జత్ ఇయ్యాల పోతే రేపొస్తది. గిది పోతే వస్తదా?"

ఆ రేపు రాలేదు. బర్రె మేత మానేసిందంటూ చాలా నెలలు ఆవిడ కోసం ఎవరూ రాలేదు. గడప మీద కూర్చుని దారివైపు చూస్తూ ఉండేది. ఆవిడ అలా కూర్చోవడం చూస్తే నాకు ఏడుపొచ్చేది.

మరుసటి ఏడాది కౌంటర్‌లో పొరపాటున రెండు పెట్టెల ట్యాగులు తారుమారు చేశాను. అవి లోపలికి వెళ్లిపోయాక తెలిసింది. ఎవరూ చూడలేదు. ఉద్యోగం పోతుందని భయమేసింది. అయినా సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్లి, "నేనే మార్చాను సార్" అన్నాను. విమానంలోకి ఎక్కించకముందే పెట్టెలు దొరికాయి. నాకు మెమో వచ్చింది.

పెద్దమ్మ ఇప్పుడు లేదు, రాజూ లేడు. తప్పు చేసిన ప్రతిసారీ నా నోటికి ముందు అబద్ధమే వస్తుంది, ఇప్పటికీ. అప్పుడు ఎవరో నా చెయ్యి పక్కకు నెట్టినట్టుంటుంది.