మరకలక్క ఉద్యోగం ఎందుకు వద్దంది

మరకలక్కకి పొగరెక్కి, నోటిదాకా వచ్చిన ఉద్యోగాన్ని కాలదన్నుకుందని వీధంతా ఒకటే మాట. ఒకావిడైతే, మేనేజరు మొహాన కోటు విసిరికొట్టిందని కూడా చెప్పేసింది, పక్కనుండి చూసినట్టు. విసరలేదండీ. శుభ్రంగా మడతపెట్టి, బల్లమీద పెట్టి వచ్చింది. అసలు సంగతి తెలిసినవాళ్ళకి ఈ కబుర్లు వింటుంటే ఒళ్ళు మండిపోదూ!

డ్రైక్లీనింగ్ షాపులో, మరకలు తీసే బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళు నిలబడ్డ మనిషి ఆవిడ. బట్ట చేతికిస్తే ముందు వాసన చూసేది. తర్వాత మొదలు ప్రశ్నలు.

"ఎప్పుడు పడింది? పడ్డాక ఇంట్లో ఏం పూశారు? నిజం చెప్పండి, నా దగ్గర దాస్తే బట్టకే నష్టం."

లోపలి కుట్టు దగ్గర అంచు మడిచి, ఒక్క చుక్క మందు వేసి, ఆరేదాకా కదిలేది కాదు. పోయే మరకైతే తీసుకునేది. పోనిదైతే చిన్న పసుపు కాగితం మీద 'పోదు' అని రాసి, గుండుసూదితో గుచ్చి, బట్ట వెనక్కిచ్చేసేది. మొదట్లో జనం మొహం మాడ్చుకునేవాళ్ళు. తర్వాత్తర్వాత ఆ కాగితం కోసమే వచ్చేవాళ్ళు. అక్క పోదందంటే ఇంకెక్కడా పోదు, నాలుగు షాపులు తిరగడం దండగ అని.

షాపు ఓనరుకి మోకాళ్ళు పట్టేశాయి, షాపు మూతపడింది. మరకలక్క చెల్లెలింట్లో, మేడమీద గదిలో చేరింది. ఆ గది చెల్లెలి కూతురిది. ఆ పిల్ల ఇప్పుడు హాల్లో సోఫామీద పడుకుంటోంది. పాపం ఒక్కరోజు కూడా సణగలేదు. సణిగినా బాగుండేది. ఐదు నెలలు! పళ్ళెం ముందు కూర్చున్నప్పుడల్లా అక్కకి ముద్ద దిగేది కాదు.

ఆ పిల్లే ఒకరోజు, ఉద్యోగాల సైట్లో అక్క పేరున ప్రొఫైల్ పెడతానని ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, ఈ రోజుల్లో పనొస్తే చాలదు. నీకంటూ ఒక బ్రాండ్ ఉండాలి."

"నాకెందుకే బ్రాండు? నేనేమన్నా సబ్బునా?"

"అలాగే అనుకో."

"సబ్బు అరిగిపోతుందే, పిచ్చిమొహమా."

పిల్ల నవ్వింది గానీ వేళ్ళు ఆగలేదు. పంతొమ్మిదేళ్ళని రాస్తే ముసలావిడ అనుకుంటారని ఎనిమిదేళ్ళు చేసింది. మందులు తగిలి తగిలి అక్క వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయి ఉంటాయి. ఫొటోలో చేతులు వెనక్కి పెట్టించింది.

"ఆ పసుపు కాగితం సంగతి రాయవే. నా పనంటే అదే."

"కాదు, కుదరదు అనేవాళ్ళకి ఉద్యోగం ఎవరిస్తారు పెద్దమ్మా?" అంటూ, అన్నిటికన్నా పైన పెద్దక్షరాలతో కొట్టింది: 'నేను తీయలేని మరక లేదు.'

అక్క కళ్ళజోడు సర్దుకుని చదివింది. "ఎవరే ఈవిడ?"

మరిది పక్కనుంచి అందుకున్నాడు. "ఎవరైతేనేం వదినా, ఆవిడ దొరికితే నా తెల్లచొక్కాలన్నీ ఇచ్చేద్దాం."

అందరూ నవ్వారు. అక్కా నవ్వింది. ఆ పిల్ల సోఫామీద మెడ పట్టేసి లేవడం గుర్తొచ్చి, సరే పెట్టమంది.

వారం తిరక్కుండా పిలుపొచ్చింది. పెద్ద డ్రైక్లీనింగ్ కంపెనీ, అద్దాల గదులు, మెడలో కార్డులు. మేనేజరు కుర్రవాడే, మర్యాదగానే మాట్లాడాడు. లేత నీలం కోటొకటి తెప్పించి ముందు పెట్టాడు. జేబు కింద అరచేయంత మచ్చ.

"తీసేస్తామని కౌంటర్లో మావాళ్ళు ఒకావిడకి మాటిచ్చేశారు మేడమ్. మీరొచ్చారు కదా, ఇంక బెంగలేదు."

అక్క వాసన చూసింది. వేలితో తడిమింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి తిరగేసి చూసింది.

"ఇది మరక కాదు సార్. ఇంట్లో ఎవరో బ్లీచు రుద్దారు. ఇక్కడ రంగే పోయింది. ఉన్నదైతే తీస్తాను, లేనిదాన్ని ఏం తీయను?"

"మీ ప్రొఫైల్లో తీయలేని మరక లేదని రాశారు!"

అక్కకి తల కొట్టేసినట్టయింది. ఆయనే మళ్ళీ, "పర్లేదు మేడమ్. ప్రయత్నిస్తాం అని తీసుకోండి. పదిరోజులుంచి, ఇస్త్రీ చేసి ఇద్దాం. పోకపోతే మా బాధ్యత కాదని రసీదు వెనక ఉంటుంది. ఈ ఒక్క మాట అనగలిగితే రేపే చేరిపోండి."

చూశారా! పోదని తెలిసీ పదిరోజులు ఆశపెట్టాలిట. అదీ ఆయనగారడిగిన పనితనం. పొగరెవరిదో ఇప్పుడు చెప్పండి.

అక్క కోటు మడతపెట్టింది. "ఆ ప్రొఫైల్లో ఉన్నది నేను కాదు సార్. రాసింది మా పిల్ల, ఒప్పుకున్నది నేను. తప్పు నాదే. నాది పంతొమ్మిదేళ్ళ సర్వీసు. ఈ కోటావిడకి ఇవాళే ఫోన్ చేసి పోదని చెప్పండి, ముదురు రంగు వేయించుకుంటే పనికొస్తుంది." చెప్పి వచ్చేసింది.

ఇంట్లో పిల్ల భగ్గుమంది. "ఒక్క మాట పెద్దమ్మా! ప్రయత్నిస్తాం అనడానికి ఏం పోయింది నీకు?"

"రేపు నీ పెళ్ళిచీర పట్టుకెళ్తే నీకూ అలాగే చెప్తారే."

మూడోరోజు ఆ పిల్లే ల్యాప్‌టాప్ తెరిచి, "చెప్పు, ఏం రాయమంటావో" అంది. ఇప్పుడక్కడ పంతొమ్మిదేళ్ళూ ఉన్నాయి, చేతులు కనబడే ఫొటో ఉంది. పైన ఇలా ఉంది: 'పోయే మరక తీస్తాను. పోనిదాన్ని పోదని ముందే చెప్తాను.'

అది పెట్టి రెండు నెలలైంది. ఒక్కరూ పిలవలేదు. వీధిలో మాత్రం పొగరని పేరొచ్చింది.

మందుల దుకాణం సందులో, దర్జీ కొట్టు ఎదురు మేడ. మీకు డ్రైక్లీనింగ్ షాపుంటే సరేసరి, లేకపోయినా ఒకసారి వెళ్ళి రండి. ఎలా ఉన్నావక్కా అంటే బాగానే ఉన్నానంటుంది. గుమ్మంలోంచే విని తిరిగొచ్చేయకండి. లోపలికెళ్ళి కూర్చుని, అన్నం తిందో లేదో చూసి రండి.