గోడ మీద తమ్ముడి ముఖం

బుధవారం పొద్దున ఏడు గంటలకు హనుమంతరాయుడు కదిరి రోడ్డు పక్కన ఒక గోడకు నిచ్చెన వేసి, దాని మీదున్న ఒక మనిషి ముఖానికి మాత్రం తెల్లరంగు కొట్టాడు. మెడ కింది భాగాన్ని తాకలేదు. పక్కనున్న కండల మనిషినీ, పైనున్న అక్షరాలనూ ముట్టుకోలేదు. పావుగంటలో పని అయిపోయింది. నిచ్చెనను మోపెడ్ పక్కన తాడుతో కట్టుకుని తర్వాతి గోడకు బయలుదేరాడు. అప్పటికి ముప్పై గోడలయ్యాయి. ఆ ముఖాలన్నీ నాలుగు నెలల కిందట ఆయన వేసినవే.

ముదిగుబ్బలో ఒకప్పుడు గోడరాత మనుషులు ఆరుగురు ఉండేవారు. ఫ్లెక్సీలు వచ్చాక ఇద్దరు గొర్రెలు కొన్నారు, ముగ్గురు ఊరు వదిలారు. నలభై నాలుగేళ్ల హనుమంతరాయుడు మిగిలాడు. పల్లెల్లో ఫ్లెక్సీ కడితే నెల తిరగకముందే ఎవరో విప్పుకుపోయి వేరుశనగ కుప్ప మీద కప్పుకుంటారు. గోడను విప్పుకుపోలేరు. వానలు లేని చోట రంగు కడిగేది ఏదీ ఉండదు. ఎండకు వెలిసిపోవడానికే మూడేళ్లు పడుతుంది. సిమెంటు, విత్తనాలు, పైపుల కంపెనీలు ఈ వైపు ఇంకా గోడలు రాయించేది అందుకే.

అనంతపురంలో ఉండే కాంట్రాక్టరు శశికుమార్ ఈసారి ఒక బనియన్ల కంపెనీ పని తెచ్చాడు. గోడకు ఒక పక్క బనియన్ వేసుకున్న కండల మనిషి మీసం మెలేస్తూ ఉండాలి. రెండో పక్క బక్కపలచని మనిషి రెండు చేతులకూ గాజులు వేసుకుని తల వంచుకుని ఉండాలి. పైన పెద్ద అక్షరాలు: ‘మగాడివైతే ఇది తొడుగు. కాకపోతే గాజులు తొడుగు.’ ఫోన్‌లో ఆ నమూనా చూసి హనుమంతరాయుడి భార్య సువర్ణ, గాజులేం పాపం చేశాయని అడిగింది. కంపెనీ మాటలు, మనకెందుకని ఆయన ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. నలభై మూడు గోడలు ఒప్పుకున్నాడు.

కండల మనిషికి కంపెనీ పెద్ద కాగితం పంపింది. గీతల వెంట సూదితో సన్నగా పొడిచి ఉంటుంది. దాన్ని గోడకు ఆనించి బొగ్గుపొడి మూట అద్దితే చుక్కలు దిగుతాయి, చుక్కలు కలుపుకుంటే బొమ్మ వస్తుంది. బక్క మనిషికి కాగితం రాలేదు. ఫోన్‌లో వేలెడంత బొమ్మ వచ్చింది. అందులో ముఖం సరిగా కనబడదు. ఏదో ఒక ముఖం పెట్టెయ్యమన్నాడు శశికుమార్.

హనుమంతరాయుడి చేతికి తెలిసిన ముఖం ఒక్కటే. పదిహేడేళ్ల వయసులో ఆయన బొమ్మలు నేర్చుకునేటప్పుడు కదలకుండా కూర్చున్నది నాలుగేళ్ల తమ్ముడు తిప్పేష్. పొడుగు మెడ, చిన్న గడ్డం, కింది పెదవికి ఎడమపక్కన పుట్టుమచ్చ. ఆ తర్వాత ఆయన ఎన్ని ముఖాలు వేసినా ఎక్కడో ఒకచోట ఆ పోలిక దిగుతూనే వచ్చింది. పోలియో చుక్కలు వేయించుకునే బాబు, బడికి పోయే పిల్లవాడు, కంటి శిబిరంలో కట్టు కట్టుకున్న రోగి, విత్తనాల సంచి మోసే రైతు, అందరిలోనూ తిప్పేష్ కొంత ఉన్నాడు. ముఖం అయిపోయాక చివరగా బ్రష్ కొనతో పెదవి పక్కన ఒక చుక్క పెట్టడం ఆయనకు అలవాటు. సంతకం పెట్టినట్టు పెట్టేస్తాడు, చూసుకోడు. ఇరవై ఏడేళ్లుగా దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అవన్నీ నవ్వుకునే బొమ్మలు కావు కాబట్టి.

ఇది నవ్వుకునే బొమ్మ. మూడో రోజుకే పోలిక పట్టేశారు.

తిప్పేష్‌కు ఇప్పుడు ముప్పై ఒకటి. బస్టాండు పక్కన ఆడవాళ్ల జాకెట్లు కుట్టే దుకాణం నడిపేవాడు. సన్నటి మనిషి, సన్నటి గొంతు, పెళ్లి కాలేదు. అన్నావదినలతోనే ఉండేవాడు. ముదిగుబ్బలో చంక దగ్గర పట్టకుండా జాకెట్టు కుట్టేది అతనొక్కడేనని చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు బస్సెక్కి వచ్చేవారు. అతన్ని మొదటినుంచీ ఏదో ఒకటి అనేవాళ్లు ఉన్నారు. కాని అవి నోటిమాటలు, ఆ పూటకు పోయేవి. ఇప్పుడు వాటికి ఎదురుగా గోడ దొరికింది. బొమ్మ పక్కన నిలబడి ఫొటోలు దిగి స్టేటస్‌లు పెట్టారు. దుకాణం షట్టర్‌కు ఎవరో మట్టిగాజుల దండ కట్టారు. టీ అంగడి రాజేంద్ర రోజూ పది మంది ముందు కేక వేసేవాడు.

“ఏమప్పా తిప్పేషూ, నీ చేతికి రెండుమ్ముప్పావా, రెండున్నరా? సైజు చెప్తే సంతలో తెస్తాం.”

తిప్పేష్ తలెత్తకుండా కుట్టుకునేవాడు. అలా తల వంచుకోవడం కూడా అచ్చం గోడ మీద బొమ్మలాగే ఉందని మళ్లీ నవ్వేవారు. అడిగితే, కంపెనీ రాయించింది, వాళ్లన్న రాశాడు, మేమేమన్నామని జవాబు. దుకాణం ముందు మగవాళ్ల గుంపు చేరేసరికి ఆడవాళ్లు రావడం తగ్గించారు. కొందరి మొగుళ్లు పోవద్దన్నారు. ఒక వారం అంతా కలిపి రెండు జాకెట్లు వచ్చాయి. ఆ రెండూ కుట్టి ఇచ్చేసి తిప్పేష్ మిషన్ మీద గుడ్డ కప్పాడు.

బెంగళూరు పోయే ముందు అన్నను ఒక్క మాట అడిగాడు. సువర్ణ పక్కనే ఉంది.

“ఈ పొద్దు వరకూ నీ చేత్తో మంచోళ్లకంతా నా మొగమే పెట్టినావంట గదా అన్నా. మొగోడు కానోన్ని ఎయ్యమంటే కూడా నేనే గుర్తొచ్చినానా?”

చేతి అలవాటురా అని హనుమంతరాయుడు చెప్పాడు. అది నిజమే. కాని అంతా నిజం కాదని ఆయనకు తెలుసు. తిప్పేష్ పద్దెనిమిదేళ్ల వయసులో జాకెట్లు నేర్చుకుంటానన్నప్పుడు, ఆడోళ్ల కొలతలు మనకెందుకు, ప్యాంట్లు కుట్టుకో అని గట్టిగా చెప్పింది ఆయనే. అదే రాజేంద్ర అంగడి దగ్గర ఎవరో తిప్పేష్ నడకను అనుకరించి చూపితే టీ గ్లాసు పట్టుకుని అందరితోపాటు నవ్విన రోజూ ఉంది. ఆ రోజు తిప్పేష్ బస్టాండు అరుగు మీద నుంచి చూశాడు. ఆ సంగతి అన్నదమ్ములిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పోతూ పోతూ తిప్పేష్ అన్న మాట ఇది.

“ఆ మొగం యాడా కనపడని దినం ఫోన్ చెయ్. వస్తా.”

బట్టల ఫ్యాక్టరీలో లైన్ మీద కాలర్లు కుట్టే పని దొరికింది. ఫోన్ చేస్తే ఎత్తడు. వదినకు మాత్రం నెలకోసారి తనే చేస్తాడు, బాగున్నానంటాడు.

కంపెనీ గోడలు ఏడాది వరకు చెరపకూడదని ఒప్పందం. ముఖం ఒక్కటే పోతే ఎవరూ గమనించరని హనుమంతరాయుడు లెక్కేసుకున్నాడు. రోజుకు ఒకటో రెండో గోడలు, వేరే పనికి పోయే ముందు, పొద్దున్నే.

ముప్పై ఒకటో గోడ ఒక హైస్కూలు ఎదురుగా ఉంది. ఆ బుధవారం దారిలో మోపెడ్ పంక్చరై ఆయన అక్కడికి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. తొమ్మిదో తరగతి పిల్లలు గోడ ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. తెలుగు చెప్పే కృపాకుమారి టీచరు ఆయన నిచ్చెన చూసి, చెరపడానికే వచ్చారా అని అడిగి, ఒక్క పీరియడ్ ఆగమంది. తరగతిలో ఒకరినొకరు ‘గాజులోడా’ అని పిలుచుకోవడం ఎక్కువైందట. కొట్టి మాన్పించడం ఇష్టం లేక, బొమ్మ ముందే కూర్చోబెట్టి వాదించుకోమంది. ఆయన నిచ్చెన గోడకు ఆనించి పక్కన కూర్చున్నాడు.

మగపిల్లలు మొదట తేలిగ్గా తీసుకున్నారు. అది తమాషాకు రాసింది, బనియన్లు అమ్ముకోవాలంటే ఏదో ఒకటి నవ్వించాలి కదా అన్నారు. ఒకడు లేచి, కండలుంటే తప్పా టీచర్ అని అడిగాడు. కండలు తప్పు కాదు, పక్కవాణ్ణి ఎందుకు నిలబెట్టారో చెప్పమంది ఆమె. వాడు లేకపోతే వీడు పెద్దగా కనిపించడని ఒక పిల్లవాడు అన్నాడు. అప్పుడు త్రివేణి అనే అమ్మాయి లేచింది.

“మాయమ్మ చేతికి డజను గాజులుండాయి టీచర్. ఆ చేతుల్తోనే ఉపాధి పనిలో గడ్డపార ఏస్తాది. ఆ మీసాలాయన్ని పిలిపించండి, మా చేను కాడ ఒక్క గుంత తవ్వమనండి సూద్దాం. బనియన్ తడుస్తాదని పారిపోతాడు.”

పిల్లలు పడిపడి నవ్వారు. ఆ నవ్వులోనే వెనక వరుస నుంచి ఒక కుర్రాడు అడిగాడు.

“అయితే ఈ బొమ్మ ఏసినాయన్నే అడగాల టీచర్. ఆయనకు తెలీదా, అందరూ నవ్వుతారని?”

కృపాకుమారి జవాబు కోసం పిల్లల వైపే చూస్తోంది. హనుమంతరాయుడు కూర్చున్న చోటి నుంచే చెప్పాడు.

“ఏసింది నేనేమ్మా. నవ్వుతారని తెల్సు. వాడు మా తమ్ముడు.”

ఎవరూ నవ్వలేదు. కృపాకుమారి కొంగు సర్దుకుంది. మీ తమ్ముడు ఇప్పుడు ఎక్కడున్నాడని త్రివేణి అడిగింది. బెంగళూరని చెప్పాడు. చెరుపుతున్నట్టు ఆయనకు తెలుసా అని అడిగింది. ఫోన్ ఎత్తడని చెప్పాడు.

పీరియడ్ చివర్లో ముఖం చెరపాలా, ఉంచాలా అని టీచరు చేతులెత్తమంది. నలభై ఒక్కమందిలో ముప్పైమంది చెరపమన్నారు. పదకొండుమంది ఉంచమన్నారు. ఉంచమన్నవాళ్లలో ఇద్దరు ఆడపిల్లలు. బొమ్మ బాగుంది కదా టీచర్ అన్నారు. హనుమంతరాయుడు నిచ్చెనెక్కి తెల్లరంగు కొట్టాడు. పుట్టుమచ్చ చివరగా పోయింది.

మర్నాడు శశికుమార్ ఫోన్ చేశాడు. ముఖాలు లేని గోడల ఫొటోలు ఎవరో కంపెనీకి పంపారు. తిట్టాడు. ఇక నీకు గోడలు ఇవ్వనన్నాడు. అంతలోనే గొంతు మెత్తబరిచి ఇంకో మాట చెప్పాడు.

“కంపెనీవోళ్లకు నీ బక్కోడే నచ్చినాడప్పా. కండలోడి కంటే వాడే ఎక్కువ గుర్తుంటాడంట. నువ్వు పంపిన ఫొటోనే అందరికీ నమూనా ఇచ్చినాం. నీ బొమ్మ మడకశిర దాటి పోయింది, పిచ్చోడా.”

రాసిన ప్రతి గోడనూ ఫోన్‌లో ఫొటో తీసి శశికుమార్‌కు పంపడం పనిలో భాగం. ఆ ఫొటోలు దేనికి వాడతారో హనుమంతరాయుడు ఎప్పుడూ అడగలేదు.

శుక్రవారం ఆయన బస్సెక్కి కర్ణాటక సరిహద్దులోని మడకశిర పోయాడు. ఊరు ఇంకా రాకముందే కిటికీలోంచి ఒక గోడ కనబడింది, తర్వాత రెండోది. రెండోదాని మీద అక్షరాలు కన్నడంలో ఉన్నాయి. ముఖం మాత్రం తిప్పేష్‌దే. మూడోచోట గోడకు నిచ్చెన కనబడితే బస్సు ఆపించి దిగాడు. వీరప్ప అనే అరవై ఏళ్ల మనిషి ఎడమచేతిలో ఫోన్ పట్టుకుని, దాన్ని చూస్తూ కుడిచేత్తో బక్క మనిషి పెదవులు దిద్దుతున్నాడు. పనితనం ఉన్నవాడు. పొడుగు మెడ సరిగ్గా వచ్చింది.

తనూ గోడరాత మనిషినేనని హనుమంతరాయుడు చెప్పుకున్నాడు. ఇద్దరూ రంగుల ధర గురించి కాస్త మాట్లాడుకున్నారు. అప్పుడు, పెద్దాయనా, ఆ పెదవి పక్కన మచ్చ ఒక్కటి పెట్టకు అని అడిగాడు. కారణం చెప్పలేదు.

వీరప్ప ఫోన్‌ను దగ్గరికి తెచ్చుకుని మళ్లీ చూశాడు.

“ఫొటోలో ఉండాది గదప్పా. పెట్టకపోతే తేడా వచ్చిందని దుడ్లు కోస్తారు. ఎవురో గాని, మచ్చ భలే పెట్టినాడు. అది ఉంటేనే మనిషి మాదిరి కనిపిస్తాండాడు.”

బ్రష్ కొనను నల్లరంగులో ముంచి చుక్క పెట్టాడు. నిచ్చెన దిగి నాలుగడుగులు వెనక్కి వచ్చి, కన్ను చికిలించి చూసి, ఎలా ఉందని అడిగాడు. హనుమంతరాయుడు బాగుందన్నాడు. మధ్యాహ్నం బస్సుకు తిరిగి వచ్చేశాడు.

ఆ ఆదివారం తిప్పేష్ వదినకు ఫోన్ చేసే రోజు. అన్నతో మాట్లాడమని ఆమె ఫోన్ చాపితే హనుమంతరాయుడు చేయి చాపలేదు. ఇంకా కాలేదని చెప్పమన్నాడు.

ముదిగుబ్బ చుట్టూ ఆయన చేతి గోడలు ఇంకా పన్నెండు మిగిలాయి. ఆ ఫొటో చూసి ఇతరులు వేసినవి, శశికుమార్ చెప్పిన లెక్క ప్రకారం, గురువారం నాటికి నూట ఎనభై ఆరు.